డ్యూటీలో దెబ్బ తగిలితే ఏ కార్డు చూపించాల: ఈఎస్ఐనా, సొంత ఇన్సూరెన్సా?

రేణిగుంట, కరకంబాడి, శ్రీసిటీ వైపు కంపెనీల్లో చేసేవాళ్లు, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి సీజన్‌లో పోయేవాళ్లు, కుప్పం పక్క గ్రానైట్ పనిలో ఉండేవాళ్లు, వీళ్లందరికీ దెబ్బ తగిలిన రోజు వచ్చే డౌటు ఒకటే. చెయ్యి మెషిన్లో పడింది, ఆసుపత్రికి ఎత్తుకొచ్చినారు, కౌంటర్లో అమ్మాయి ఇన్సూరెన్స్ ఏమన్నా ఉందా అని అడుగుతా ఉంది, పర్సులో సొంతంగా కట్టుకునే హెల్త్ పాలసీ కార్డు ఉంది, ఇంకోపక్క ప్రతి నెలా జీతంలో ఈఎస్ఐ (కార్మికులకి ఉండే ప్రభుత్వ బీమా) కోత పడుతా ఉంది, పక్కన నిలబడిన సూపర్‌వైజరేమో "అన్నా ముందు నీ కార్డుతో కానియ్యి, మిగతాది తర్వాత చూసుకుందాం" అంటాడు. నేను కంపెనీ ఆఫీసులో ఈ ఫారాలు నింపే పని చేసినవాణ్ణి, ఆ "తర్వాత" ఎట్లా ఉంటుందో తెలుసు కాబట్టి రాస్తున్నా.

ముందు అసలు సంగతి. హెల్త్ ఇన్సూరెన్స్ డబ్బు కట్టేది ఆసుపత్రికి, మీకు కాదు. రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే జీతం అది ఇయ్యదు, వేలు పోతే వేలుకి డబ్బు ఇయ్యదు, మనిషే పోతే ఇంట్లోవాళ్లకి పింఛను ఇయ్యదు. ఇవన్నీ వచ్చేది పని వైపు నుంచి మాత్రమే, అంటే ఈఎస్ఐ నుంచి, లేకపోతే ఓనరు దగ్గర కాంపెన్సేషన్ నుంచి. అందుకని చాలామంది అనుకున్నట్టు ఇది రెంట్లో ఒకటి ఎంచుకునే పని కాదు, ఏ కార్డుతో వైద్యం చేయించుకున్నా సరే, దెబ్బ డ్యూటీలో తగిలింది అన్న మాట కాగితం మీద పడాల. అది పడితే ఎన్ని దారులైనా ఉంటాయి, పడకపోతే సొంత పాలసీ ఒక్కటే మిగులుతుంది.

ముందు మీరు దేని కిందకి వస్తారో చూసుకోండి, దెబ్బ తగలకముందే చూసుకుంటే ఇంకా మేలు. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట నెల జీతం 21,000 లోపల ఉంటే ఈఎస్ఐ ఉండాల, వికలాంగులకైతే 25,000 దాకా. పే స్లిప్‌లో మీ వాటా 0.75 శాతం కోత ఉంటుంది, ఓనరు 3.25 శాతం కడతాడు. 21,000 లిమిట్‌కి ఓవర్‌టైమ్ లెక్కలోకి రాదు, ఈ సంగతి తెలియక "నాకు ఓటీతో కలిపి ఇరవై నాలుగు వస్తుంది కాబట్టి ఈఎస్ఐ లేదు" అనుకునేవాళ్లు ఉన్నారు. ఇంకోటి, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు పీరియడ్‌లు ఉంటాయి, మధ్యలో జీతం పెరిగి 21,000 దాటినా ఆ పీరియడ్ అయ్యేదాకా మీరు ఈఎస్ఐలోనే ఉంటారు. కోత పడుతుందా లేదా, ఈఎస్ఐలో మీ పేరు మీద పది అంకెల ఐపీ నంబర్ ఉందా లేదా ఈరోజే చూసుకోండి, ఆ నంబర్ ఉండే ఈ-పెహచాన్ కార్డు, అంటే ఈఎస్ఐ గుర్తింపు కార్డు కాగితం ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి కూడా పంపండి, ఎందుకంటే దెబ్బ తగిలిన రోజు మీ ఫోను మీ చేతిలో ఉండదు.

జీతం 21,000 దాటినవాళ్లు, పదిమంది కూడా లేని చిన్న వర్క్‌షాపుల్లో, ఈఎస్ఐ లేని బిల్డింగ్ పనుల్లో ఉండేవాళ్లు 1923 నాటి కాంపెన్సేషన్ చట్టం కిందకి వస్తారు, మనవాళ్లు ఇప్పటికీ వర్క్‌మెన్ కాంపెన్సేషన్ (డబ్ల్యూసీ) అనే అంటారు. ఇక్కడ డబ్బు ఇయ్యాల్సింది ఓనరు, ఆయన డబ్ల్యూసీ పాలసీ తీసుకుని ఉంటే ఆ కంపెనీ కడుతుంది, తీసుకోకపోతే ఆయన జేబులోంచి కట్టాల, పాలసీ లేదు అనేది మీ తలనొప్పి కాదు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టమూ ఈఎస్ఐ చట్టమూ రెండూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినాయి గానీ జనం నోట్లో పాత పేర్లే నడుస్తా ఉన్నాయి, నేనూ అవే వాడతా. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి ఓనరు మీద విడిగా కాంపెన్సేషన్ కేసు వేసే వీలు లేదు, ఈఎస్ఐ ఇచ్చేదే కాంపెన్సేషన్.

ఇంగ డబ్బు లెక్క. 18,000 జీతం ఉన్న మనిషి రోజుకి 600 అనుకోండి, చెయ్యి విరిగి ఆరు వారాలు పనికి పోలేకపోతే ఈఎస్ఐలో టెంపరరీ డిసేబుల్‌మెంట్ కింద జీతంలో 90 శాతం, అంటే రోజుకి 540, మొత్తం 22,680 దాకా వస్తుంది. దీనికి ఇన్ని రోజులు కోత పడి ఉండాల అనే షరతు లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది, కాకపోతే దెబ్బ తగిలిన రోజు కాకుండా కనీసం మూడు రోజులన్నా పని చెయ్యలేని పరిస్థితి ఉండాల. అదే దెబ్బని మామూలు జబ్బు లాగా రాయించుకుంటే వచ్చేది సిక్‌నెస్ బెనిఫిట్, అది 70 శాతమే, దానికి 78 రోజుల కోత కూడా ఉండాల. ఒక్క మాట తేడాతో రోజుకి 120 రూపాయలు పోతుంది. కాంపెన్సేషన్ చట్టంలో అయితే ఇది బాగా తక్కువ, జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటారు, పదిహేను రోజులకి అందులో 25 శాతం, అంటే 3,750, నెలకి 7,500.

వేలు పోతే? కాంపెన్సేషన్ చట్టంలో ఏ అవయవానికి ఎంత శాతం అని షెడ్యూల్ ఉంటుంది, చూపుడు వేలు మొత్తం పోతే అందులో 14 శాతం, బొటనవేలు పోతే 30 శాతం. నలభై ఏళ్ల మనిషి, లెక్కలోకి వచ్చే జీతం 15,000, అందులో 60 శాతం 9,000, వయసుని బట్టి చట్టం పెట్టిన ఫ్యాక్టర్ నలభై ఏళ్లకి 184.17, గుణిస్తే 16,57,530, దాంట్లో 14 శాతం సుమారు 2,32,000. బొటనవేలికి దాదాపు 4,97,000. ఈఎస్ఐలో ఇట్లా ఒకేసారి ఇయ్యరు, మెడికల్ బోర్డు శాతం తేలిస్తే ఆ 540లో 14 శాతం, రోజుకి 75 రూపాయల చిల్లర, బతికినన్నాళ్లూ వస్తుంది. మీ సొంత హెల్త్ పాలసీ ఇదే వేలుకి ఆపరేషన్ ఖర్చు ఎనభై వేలో తొంభై వేలో కట్టేసి ఫైలు మూసేస్తుంది. సూపర్‌వైజర్ మాట విని డ్యూటీ అనే మాట రాయించుకోకపోతే ఆ ఎనభై వేల కోసం పోగొట్టుకునేది ఇదీ.

సరే, దెబ్బ తగిలినప్పుడు ఏం చెయ్యాల. రక్తం పోతా ఉంటే, వేలు తెగితే, స్పృహ లేకపోతే కార్డుల ఆలోచన పక్కన పెట్టి దగ్గర్లో ఉండే ఆసుపత్రికి పోవాల్సిందే, తిరుపతి రుయా ఆసుపత్రి క్యాజువాల్టీనో, దారిలో ఉండే ప్రైవేటో. అక్కడ డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఎట్లా తగిలింది అని. ఆ జవాబే ఓపీ చీటీలో, ఎమ్మెల్సీ (పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు) రిజిస్టర్‌లో, తర్వాత డిశ్చార్జ్ సమ్మరీలో అట్లనే దిగుతుంది. "ఫలానా కంపెనీలో, ఫలానా టైముకి, ప్రెస్ మెషిన్‌లో చెయ్యి పడింది" అని చెప్పండి, చెప్పి ఊరుకోకుండా ఏం రాసినారో చదివించుకోండి. "ఇంట్లో జారి పడినాడు", "బండి మీద నుంచి పడినాడు" అని మీ తరఫున ఎవరో చెప్పేస్తుంటారు, కంపెనీ డ్రైవరే చెప్పిన కేసు నేను చూసినా. ఆ ఒక్క లైను తర్వాత మార్చాలంటే నానా తిప్పలు, ఈఎస్ఐ వాళ్లూ నమ్మరు, ఓనరు లాయరు అదే కాగితం తీసి చూపిస్తాడు.

ఈ అబద్ధం మీ సొంత పాలసీకి కూడా మంచిది కాదు. క్లెయిమ్ ఫారంలోనే దెబ్బ ఎట్లా తగిలింది, ఎమ్మెల్సీ అయ్యిందా, పోలీసులకి చెప్పినారా అని గళ్లు ఉంటాయి. మామూలు హెల్త్ పాలసీలు యాక్సిడెంట్‌కి మొదటి రోజు నుంచే కవర్ ఇస్తాయి, 30 రోజుల వెయిటింగ్ పీరియడ్ యాక్సిడెంట్‌కి ఉండదు, ఫ్యాక్టరీలో తగిలింది అన్నంత మాత్రాన సాధారణంగా క్లెయిమ్ ఆపరు, కాబట్టి దాచడానికి కారణమే లేదు. బండి మీద నుంచి పడినా అని రాయించి, రేపు వాళ్లు ఎంక్వైరీకి మనిషిని పంపిస్తే ఉన్నదీ పోతుంది. మందు వాసన అని డాక్టర్ రాస్తే మాత్రం రెండువైపులా ఇబ్బందే, అది ముందే చెప్తున్నా.

కంపెనీకి తెలియజెయ్యడం రెండో పని. నోటితో చెప్తే సరిపోదు, వాట్సాప్‌లో హెచ్‌ఆర్‌కో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కో మెసేజ్ పెట్టండి, తేదీ, టైము, మెషిన్ పేరు, పక్కన ఉన్నవాళ్ల పేర్లు రాసి. మీ చెయ్యి కదలకపోతే మీ ఇంట్లోవాళ్లు పెట్టొచ్చు. కంపెనీ యాక్సిడెంట్ బుక్‌లో ఎక్కించాల, ఈఎస్ఐకి ఫారం 12 అనే యాక్సిడెంట్ రిపోర్ట్ పంపాల, ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే, ఐదు నిమిషాల పని. పంపినారా అని అడిగి కాపీ తీసుకోండి. పంపకుండా నానిస్తా ఉంటే మీరే ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇయ్యండి, ఫోన్ చెయ్యాలంటే టోల్ ఫ్రీ 1800 11 2526. ఇన్నాళ్లూ మీ పేరు ఈఎస్ఐలో ఎక్కించకుండా దెబ్బ తగిలిన రోజు సాయంత్రం ఎక్కించే ఓనర్లు కూడా ఉన్నారు, అప్పుడు మీరు అంతకుముందు నుంచి పని చేస్తున్నట్టు ఆధారం కావాల, అటెండెన్స్ ఫోటో, గేట్ పాస్, జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు, ఏదున్నా దాచిపెట్టండి.

ఇప్పుడు అందరూ అడిగేది, ఈఎస్ఐ ఉంది కానీ ఈఎస్ఐ ఆసుపత్రికి పోబుద్ధి కావడం లేదు, సొంత పాలసీతో మంచి ప్రైవేట్ ఆసుపత్రిలో చేయించుకుంటే తప్పా అని. తప్పేం లేదు. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, చిన్న చిన్నవాటికి, మందులకి, కట్లు మార్చడానికి అది చాలు, వాళ్ల దగ్గర లేని వైద్యానికి వాళ్లే ఒప్పందం ఉన్న ఆసుపత్రికి రిఫర్ చేస్తారు, అప్పుడు మీరు పైసా కట్టేది ఉండదు, లిమిట్ అనేది కూడా లేదు. పెద్ద దెబ్బ అయితే నా ఓటు ఇటే, ఎందుకంటే మీ పాలసీ మూడు లక్షలదో ఐదు లక్షలదో అయితే రెండు మూడు సర్జరీలకే అయిపోతుంది, రూమ్ రెంట్ లిమిట్ ఉంటే దాని ప్రకారం మొత్తం బిల్లులోనే కోత పెడతారు, నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అదే సంవత్సరం ఇంట్లో అమ్మకో పిల్లలకో జబ్బు చేస్తే చెయ్యి చాచాల్సి వస్తుంది. కంపెనీలో తగిలిన దెబ్బకి మీ కుటుంబం పాలసీ ఎందుకు ఖాళీ చేసుకోవాల? కానీ చెయ్యి సర్జరీ బాగా చేసే డాక్టర్ ఫలానా చోట ఉన్నాడు, ఈఎస్ఐ రిఫరల్ వచ్చేలోపు ఆలస్యం అవుతుంది, వేలు నిలబడాలంటే గంటలే టైము అంటే, అప్పుడు సొంత కార్డు తియ్యండి, మొహమాటం వద్దు.

అట్లా సొంత కార్డు వాడినా జీతం డబ్బులు ఈఎస్ఐ నుంచే రావాల కాబట్టి, అడ్మిట్ అయిన రోజుల్లోనే ఇంట్లో ఎవరన్నా మీ ఈఎస్ఐ డిస్పెన్సరీకి పోయి విషయం చెప్పాల, డిశ్చార్జ్ కాగానే సమ్మరీ, ఎక్స్‌రేలు పట్టుకుని మీరు పోయి ఈఎస్ఐ డాక్టర్ చేత సర్టిఫికెట్ రాయించుకోవాల, పనికి తిరిగి పోయేదాకా అది తెగకుండా కొనసాగించాల, చివర్లో పనికి పోవచ్చు అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాల. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, ప్రైవేటులో బాగా చేసినారు కదా ఇంక ఈఎస్ఐతో పనేముంది అని. ఎమర్జెన్సీలో సొంత డబ్బు కట్టి ఉంటే ఆ బిల్లులు ఈఎస్ఐకి పెట్టుకోవచ్చు, వాళ్ల రేట్ల ప్రకారమే ఇస్తారు, మొత్తం రాదు. ఇన్సూరెన్స్ కట్టేసిన బిల్లునే మళ్లీ ఈఎస్ఐకి పెట్టడం కుదరదు, ఒక ఖర్చుకి రెండుసార్లు ఎవరూ ఇయ్యరు.

ఈఎస్ఐ లేనివాళ్లకి కథ వేరే. మీ పాలసీతో వైద్యం చేయించుకోండి, అది తొందరగా అయ్యేది, క్యాష్‌లెస్‌కి ఆసుపత్రి నుంచి రిక్వెస్ట్ పోయిన గంటలోపల ఇన్సూరెన్స్ కంపెనీ జవాబు చెప్పాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపు చేసే ఐఆర్‌డీఏఐ రూల్ పెట్టింది, డిశ్చార్జ్‌కి మూడు గంటలు. ఓనరు దగ్గర డబ్బు వచ్చేదాకా కూర్చుంటే గాయం ఆగదు కదా. కానీ పాలసీ కట్టనివి, అంటే గ్లౌజులు, కట్లు, డిశ్చార్జ్ అయినాక మందులు, ఫిజియోథెరపీ, కో-పే అని బిల్లులో మీరు కట్టే వాటా, ఇవన్నీ బిల్లులతో సహా ఓనరుకి పెట్టండి, పనిలో తగిలిన దెబ్బకి అయిన అసలు వైద్య ఖర్చు ఇయ్యాలని చట్టంలోనే ఉంది. వైద్యం డబ్బు ఒకటి, నష్టపరిహారం ఒకటి, ఇన్సూరెన్స్ ఆసుపత్రికి కట్టింది కాబట్టి నేను వేలుకి ఇయ్యక్కర్లేదు అని ఓనరు అంటే ఒప్పుకోవద్దు. రేషన్ కార్డు ఉండి ఏ పాలసీ లేనివాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ పథకం డెస్క్‌లో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. బ్యాంకులో 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే అది విడిగా వచ్చేది, చనిపోతే 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో పూర్తిగా పోతే లక్ష, వేలుకి మాత్రం రాదు. సొంతంగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే దాని డబ్బు కూడా వీటన్నిటితో పాటు వస్తుంది, ఎందుకంటే అది బిల్లు చూసి ఇచ్చేది కాదు.

మన వైపు ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది, పుత్తూరు కట్టు. ఎముక విరిగితే సగం మంది పుత్తూరుకే పోతారు, నేను పోవద్దు అనను, మా ఇంట్లోనూ పోయినవాళ్లు ఉన్నారు. కానీ అడ్మిట్ కాకుండా కట్టు కట్టించుకుని వస్తే హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, మామూలుగా 24 గంటల అడ్మిషన్ కావాల. ఈఎస్ఐకి, లేబర్ ఆఫీసుకి కావాల్సింది డాక్టర్ సర్టిఫికెట్, ఎక్స్‌రే. అందుకని కట్టుకి పోయే ముందే ఈఎస్ఐలోనో ప్రభుత్వ ఆసుపత్రిలోనో చూపించి, ఎక్స్‌రే తీయించి, డ్యూటీలో తగిలింది అని ఓపీ చీటీ మీద రాయించుకుని పోండి. చర్మం చీలి ఎముక బయటికి కనిపిస్తే, మెషిన్ నలిపేసిన చెయ్యి అయితే మాత్రం నేరుగా ఆసుపత్రికే, కట్టు మాట తర్వాత.

చిన్న దెబ్బలకి ఇంత హడావుడి అవసరమా అంటే, రెండు కుట్లు పడే గాయానికి పాలసీ ఎట్లాగూ పనికిరాదు, కంపెనీ ఫస్ట్ ఎయిడ్‌తోనో ఈఎస్ఐ డిస్పెన్సరీతోనో పోతుంది. యాక్సిడెంట్ బుక్‌లో మాత్రం ఎక్కించండి, చిన్న గాయమే చీము పట్టి వారానికి పెద్దదైతే మొదటి రోజు రాసిందే ఆధారం.

డ్యూటీకి పోతా దారిలో బండి యాక్సిడెంట్ అయితే, ఇంటి నుంచి పనికి పోయే దారి, టైము, పని మూడింటికీ సంబంధం కనిపిస్తే ఈఎస్ఐలో అది కూడా పనిలో దెబ్బ కిందే వస్తుంది. ఈఎస్ఐ లేనివాళ్లు మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి పోవాలా కాంపెన్సేషన్‌కి పోవాలా అనేది మాత్రం నిజంగానే రెంట్లో ఒకటి ఎంచుకోవాల్సిన చోటు, రెండూ కుదరవు, అక్కడ లాయర్‌ని అడక్కుండా సంతకం పెట్టొద్దు. చెన్నైకో బెంగళూరుకో పోయి పని చేస్తా దెబ్బ తగిలించుకుని ఊరికి వచ్చేసినవాళ్లు, కేసు అక్కడే వెయ్యాలేమో అని వదిలేస్తుంటారు, మీరు ఉండే చోటే, అంటే చిత్తూరులోనే కాంపెన్సేషన్ కేసు వేసుకోవచ్చు. ఈఎస్ఐ కార్డు కూడా దేశమంతా చెల్లుతుంది. కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లకి కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తకపోతే పని ఇచ్చిన పెద్ద కంపెనీయే ఇయ్యాల, తర్వాత వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.

"మెషిన్ గార్డు (చెయ్యి పడకుండా ఉండే అడ్డు) నువ్వే తీసినావు, నీ తప్పే, ఏమీ రాదు" అని భయపెట్టే మాట ఒకటి ఉంది. అజాగ్రత్తగా ఉన్నావు అన్నంత మాత్రాన ఈఎస్ఐ పోదు, కాంపెన్సేషనూ పోదు. తెలిసి తెలిసి కావాలని గార్డు తీసేసినట్టు రుజువైతేనే కాంపెన్సేషన్‌లో ఇబ్బంది, అది కూడా మనిషి చనిపోయినా, పూర్తిగా పని చెయ్యలేని స్థితికి వచ్చినా ఆ సాకు చెల్లదు.

కొందరు ఓనర్లు ఆసుపత్రికే వచ్చి యాభై వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటారు, ఇంక ఏ హక్కూ లేదు అని. హక్కు వదులుకున్నట్టు రాసిన ఒప్పందం చట్టం ముందు నిలవదు, శాశ్వత నష్టానికి ఒకేసారి ఇచ్చే సెటిల్‌మెంట్ అయితే లేబర్ ఆఫీసులో కమిషనర్ దగ్గర రిజిస్టర్ కావాల, మనిషి చనిపోతే డబ్బు ఇంటికి తెచ్చి ఇయ్యడం కాదు, అక్కడ డిపాజిట్ చెయ్యాల. డబ్బు అవసరమైతే తీసుకోండి, ఖర్చులకి అడ్వాన్స్ అని రాసి తీసుకోండి, సంతకం పెట్టిన ప్రతి కాగితం ఫోటో తీసుకోండి. నెలలోపల ఇయ్యకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా నానిస్తే 50 శాతం దాకా పెనాల్టీ కూడా పడొచ్చు అని ఆ ఓనరుకి ఒక మాట చెప్పి చూడండి, గొంతు మారుతుంది. కేసు వెయ్యడానికి రెండేళ్లు గడువు, దెబ్బ తగిలిన రోజు నుంచి.